పని ఎంతవరకు వచ్చింది?

అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో ఎప్పుడూ వినిపించే ప్రశ్న ఇది. జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే... ‘అయిపోవచ్చిందండీ!’ ఆ మాటతో సరిపెట్టుకున్నచోట డబ్బు పోతుంది. ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. కాగితం మీద లెక్క పెట్టుకున్నచోట ఇల్లు నిలుస్తుంది.

ఆదివారం ఉదయం పదిన్నర. సెల్లార్‌లో రెండు కార్లు బయటకు తీసి, ఆ జాగాలో ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు వాచ్‌మన్. యాభై ఫ్లాట్లుంటే పద్దెనిమిది మంది వచ్చారు. కార్యదర్శి ఫైలు తెరిచేలోపే మూడో అంతస్తు మాస్టారు అందుకున్నారు.

‘‘టెర్రస్ పని ఏమైందండీ?’’

‘‘అయిపోవచ్చింది మాస్టారూ. ఇంకో పది రోజులు.’’

‘‘ఉగాదికీ ఇదే మాట చెప్పారు. మొన్న వానకు మా అబ్బాయి గదిలో బకెట్ పెట్టాం.’’

‘‘మేస్త్రీ ఊరెళ్లాడు సార్. వస్తాడు.’’

‘‘ఎంత ఇచ్చారు అతనికి?’’ అంది అయిదో అంతస్తు ఆంటీ. కార్యదర్శి కోశాధికారి వైపు చూశాడు. కోశాధికారి ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు. ‘‘నాలుగు లక్షల చిల్లర... గత కార్యవర్గం ఇచ్చింది కూడా కలుపుకోవాలి కదండీ...’’

పాత కార్యదర్శి ఆ ఇల్లు అద్దెకిచ్చి వేరే ఊరు వెళ్లిపోయాడు. కొటేషన్ కాగితం ఎవరి దగ్గరుందో తెలీదు. గ్యారంటీ ఎన్నేళ్లో అసలే తెలీదు. సమావేశం కాస్తా వాదనగా, వాదన కాస్తా అలకగా మారి టీ కప్పులతో ముగిసింది. బకెట్ మాత్రం ఆ గదిలోనే ఉంది.

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఏ అపార్ట్‌మెంట్‌లోకి వెళ్లినా ఇదే దృశ్యం. ఎవరూ దొంగలు కారు. ఎవరికీ చెడు తలంపు లేదు. ఉన్న ఉద్యోగాలకు తోడు జీతం లేని ఈ బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్లే అందరూ. మరి లోపం ఎక్కడ? మొదలుపెట్టిన పని ఎంతవరకు వచ్చిందో రాసి పెట్టే అలవాటు లేకపోవడంలో!

ఏడాదికోసారి జమాఖర్చులు చదవడం చాలా సంఘాలకు వచ్చు. జరుగుతున్న పనిని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వెన్నంటి చూడటమే రాదు. అది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎంత పెద్దదో తెలియాలంటే ఒకసారి అమెరికా దాకా వెళ్లిరావాలి.

వారం రోజుల ముందు...

ఫ్లోరిడా రాష్ట్రంలో మయామీ పక్కన సర్ఫ్‌సైడ్ అనే చిన్న ఊరుంది. అక్కడ సముద్రం ఒడ్డున 1981లో కట్టిన పన్నెండు అంతస్తుల భవనం, చాంప్లెయిన్ టవర్స్ సౌత్. మన అపార్ట్‌మెంట్‌లాగే దానికీ యజమానుల సంఘం, ఎన్నికైన కార్యవర్గం ఉన్నాయి. 2018లో సంఘమే ఓ ఇంజినీరింగ్ సంస్థతో తనిఖీ చేయించింది. ఈత కొలను చుట్టూ ఉన్న డెక్‌ను నీరు జారిపోయేలా వాలుగా కాకుండా చదునుగా పోశారనీ, నీరు అక్కడే నిలిచిపోతోందనీ, కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పాడైపోయిందనీ, దాని కింది కాంక్రీటు తీవ్రంగా దెబ్బతిందనీ ఆ నివేదిక చెప్పింది. మరమ్మతులకు తొంభై లక్షల డాలర్లకు పైగా అవుతుందని అంచనా.

తర్వాత జరిగింది మన సెల్లార్ సమావేశం లాంటిదే. వాదోపవాదాలు... రాజీనామాలు... అంత డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న గొడవ. రెండున్నరేళ్లు గడిచాయి. 2021 ఏప్రిల్‌లో సంఘం అధ్యక్షురాలు సభ్యులకు లేఖ రాసింది. నివేదిక వచ్చినప్పటికంటే నష్టం బాగా పెరిగిందనీ, పనుల ఖర్చు కోటిన్నర డాలర్లకు చేరిందనీ దాని సారాంశం. ఒక పడగ్గది ఉన్న చిన్న ఫ్లాటు వాటాకే 80 వేల డాలర్లకు పైగా వచ్చింది. ఆ సొమ్ము కట్టడం మొదలుపెట్టాల్సిన తేదీ జులై 1. భవనం జూన్ 24 అర్ధరాత్రి దాటాక కూలిపోయింది. వారం రోజుల ముందు! నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే... మొత్తం 98 మంది చనిపోయారు.

ఆలస్యం ఒక్కటే కారణమనడానికి లేదు. దర్యాప్తు చేసిన అమెరికా ప్రభుత్వ సాంకేతిక సంస్థ నిపుణులు ఆ డెక్ ముందుగా కూలిందనీ, దాని రూపకల్పనే నిబంధనల ప్రకారం ఉండాల్సినంత గట్టిగా లేదనీ తేల్చారు. కానీ ప్రమాదం ఉందన్న కాగితం సంఘం చేతిలో ఉంది. చేయాల్సిన పనుల జాబితా ఉంది. పని మాత్రం మూడేళ్లలో ఆ కాగితం మీది నుంచి ఆ డెక్ దగ్గరకు చేరలేదు. 2022లో ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులు, అంతకంటే ఎత్తున్న యజమానుల భవనాలకు ముప్ఫై ఏళ్లు నిండగానే నిర్మాణ తనిఖీ, ఆపైన పదేళ్లకోసారి మళ్లీ తనిఖీ తప్పనిసరి చేసింది. పెద్ద మరమ్మతుల కోసం దాచే నిధిని ‘ఈ ఏడాదికి వద్దులే’ అని సభ్యులే ఓటేసి ఎగ్గొట్టే వీల్లేకుండా చేసింది.

మనకూ తప్పలేదు

అదేదో సముద్రం అవతల సంగతి అనుకోనక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో ఓ పద్దెనిమిది అంతస్తుల టవర్‌లో ఆరో అంతస్తు ఫ్లాటులో మరమ్మతు పని జరుగుతుండగా నేల కుంగిపోయింది. కింది అంతస్తుల గదులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఇద్దరు మహిళలు చనిపోయారు. కాంక్రీటులో క్లోరైడ్ ఎక్కువగా ఉండి లోపలి ఉక్కు తుప్పు పట్టిందని ఐఐటీ నిపుణులు తర్వాత తేల్చారు.

ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి నెడుతుంది. ముందు సన్నటి పగులు, తర్వాత గోధుమరంగు మరక, ఆపైన పెచ్చు ఊడటం... ఈ వరస మారదు. పగులు దగ్గరే పట్టుకుంటే వేలల్లో పోయే పని, పెచ్చులూడే దాకా ఆగితే లక్షల్లోకి వెళ్తుంది. ఉప్పుగాలి తగిలే విశాఖ, కాకినాడ తీరాల్లో ఇది ఇంకా వేగంగా సాగుతుంది. అందుకే ‘టెర్రస్ పని అయిపోవచ్చింది’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. కురిసే కప్పు కింద తడిసేది పరుపు ఒక్కటే కాదు, స్లాబులోని ఉక్కు కూడా.

ఎక్కడ ఆగిపోతాయి?

సగంలో ఆగిన పనుల వెనక కథలు వేరువేరుగా ఉన్నా కారణాలు మాత్రం నాలుగైదే.

తీర్మానం సరిగ్గా రాయకపోవడం మొదటిది. ‘రంగులు వేయించాలని నిర్ణయించడమైనది’ అని మినిట్స్ పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని కోట్లు, పగుళ్లు పూడ్చడం అందులో ఉందా లేదా, బాల్కనీల లోపలివైపు ఎవరి ఖర్చు... ఏదీ ఉండదు. సగం పనయ్యాక ‘అది మా కొటేషన్‌లో లేదు సార్’ అంటాడు కాంట్రాక్టర్. అతని తప్పూ లేదు, అడిగినవాళ్ల తప్పూ లేదు. రాయనివాళ్లదే తప్పు.

పనికి యజమాని లేకపోవడం రెండోది. కార్యవర్గం మొత్తానిది అంటే ఎవరిదీ కాదన్నట్టే. అందరూ ఉద్యోగాలకు వెళ్లిపోతారు. మేస్త్రీ ఎన్నింటికి వచ్చాడో, ఎన్నింటికి వెళ్లాడో, కొత్త ప్లాస్టరింగ్‌కు నీళ్లు పట్టాడో లేదో ఎవరూ చూడరు. నిజానికి ఇవన్నీ చూసేది పగలంతా ఇంట్లో ఉండే గృహిణులూ, రిటైరైన పెద్దవాళ్లే. చాలా సంఘాల్లో వాళ్లనే ఎవరూ అడగరు!

డబ్బు పనికంటే ముందు పరుగెత్తడం మూడోది. సగం పని కాకుండానే ముప్పావు వంతు సొమ్ము చేతికి వెళ్తే ఆ మనిషి రెండో సైట్ పట్టుకోవడం సహజం. ఇక్కడ మిగిలిన పనికి అతనికి వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ.

నాలుగోది వాట్సాప్. గ్రూపులో అన్నీ ఉంటాయి. కొటేషన్ ఫొటో ఉంటుంది, టెర్రస్ వీడియో ఉంటుంది, ఎవరో పెట్టిన అభ్యంతరం ఉంటుంది. వాటి మీద మూడొందల శుభోదయాలు, పుట్టినరోజు కేకులు, పోయిన పిల్లి ఫొటో కూడా ఉంటాయి. నెల తర్వాత కావాల్సింది దొరకదు. కబుర్లకు గ్రూపు మంచిదే. లెక్కకు రిజిస్టరే కావాలి.

ఒక్క కాగితం చాలు

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నలభై పేజీల లాంగ్ నోట్‌బుక్కో, కంప్యూటర్‌లో ఓ పట్టికో చాలు. ఒక్కో పనికి ఒక్కో పేజీ. అందులో ఇవి ఉండాలి: పని పేరు, ఏ తేదీ సమావేశంలో తీర్మానించారు, ఎన్ని కొటేషన్లు వచ్చాయి, ఎవరికి ఎందుకు ఇచ్చారు, మొత్తం ఎంత, ఎప్పుడు మొదలు, ఎప్పటికి పూర్తి, సంఘం తరఫున చూసే మనిషి ఎవరు, ఇప్పటిదాకా ఏ దశ పూర్తయింది, ఎంత చెల్లించారు, ఎంత మిగిలింది, ఆగితే ఎందుకు ఆగింది.

ఈ ‘ఎందుకు ఆగింది’ అన్న గడే అన్నింటికంటే విలువైనది. ‘వానలు’ అని రాస్తే జనం అర్థం చేసుకుంటారు. ‘రంగు ఎంపికపై సభ్యులు తేల్చలేదు’ అని రాస్తే తప్పు ఎవరిదో అందరికీ తెలుస్తుంది. ఏమీ రాయకపోతేనే అనుమానాలు పుడతాయి. కార్యదర్శి కమిషన్ తిన్నాడన్న మాట సాధారణంగా పుట్టేది ఆ ఖాళీ గడిలోంచే.

ప్రతి శనివారం ఆ పట్టికను లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డులో అంటిస్తే చాలు. లిఫ్ట్ కోసం నిలబడే అర నిమిషంలో అందరూ చదువుతారు. అద్దెకు ఉన్నవాళ్లూ చదువుతారు. ఇల్లు హైదరాబాద్‌లో, మనిషి డాలస్‌లో ఉన్న యజమానులకు అదే కాగితం ఫొటో తీసి పంపొచ్చు. ప్రత్యేక చందా అడిగినప్పుడు ‘దేనికి?’ అన్న ప్రశ్న సగం తగ్గిపోతుంది.

తొంభై శాతం మాయ

‘ఎంత శాతం అయింది?’ అని అడిగితే చాలామంది చెప్పే అంకె తొంభై. విచిత్రమేమంటే ఆ తొంభై నెలల తరబడి తొంభైగానే ఉంటుంది! పైకి కనిపించే పని తొందరగా అయిపోతుంది. కనిపించని చివరి పనులే ఆగిపోతాయి.

టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌నే తీసుకుందాం. పాత పూత, వదులైన పెచ్చులు తీసేయడం ఒక దశ. శుభ్రం చేసి పగుళ్లు, పైపుల చుట్టూ ఉన్న సందులు పూడ్చడం రెండోది. పూత వేయడం మూడోది. నీరు గొట్టాల వైపు జారేలా వాలు సరిచేసి పైన రక్షణ పొర వేసి నీళ్లు పట్టడం నాలుగోది. అయిదోది అసలైన పరీక్ష. నీరు పోయే గొట్టాలు మూసేసి, టెర్రస్ మీద ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాటులోకి వెళ్లి సీలింగ్ చూడటం. ఈ అయిదో దశ చేయకుండానే చాలాచోట్ల చివరి బిల్లు వెళ్లిపోతుంది. అప్పుడు పరీక్ష చేసేది వాన. ఫలితం చెప్పేది మాస్టారి ఇంట్లో బకెట్!

అందుకే శాతాలు వద్దు. దశలు లెక్కపెట్టాలి. అయిదింటిలో ఎన్ని పూర్తయ్యాయన్నదే ప్రశ్న. సగం అయిన దశను ‘కాలేదు’ అనే రాయాలి. ఈ లెక్కలో ఎవరినీ ఏమార్చడానికి వీలుండదు, తమను తామే ఏమార్చుకోవడానికి కూడా.

సర్కారు నేర్పిన పాఠం

ప్రభుత్వ పనుల్లో ఏళ్లుగా ఉన్న ఓ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. అదే ఎం.బుక్... అంటే కొలతల పుస్తకం. పంచాయతీ రోడ్డయినా, కాలువ గట్టయినా ఇంజినీరు కొలిచి ఆ పుస్తకంలో రాస్తేనే బిల్లు కదులుతుంది. దాంట్లో దొంగ కొలతలు రాసినవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి. ‘ముందు కొలత, తర్వాతే సొమ్ము’ అన్న సూత్రం మాత్రం బంగారం లాంటిది.

పన్నెండు లక్షల రూపాయల రంగుల పని అనుకుందాం. అడ్వాన్సు 20 శాతం, అంటే 2.4 లక్షలు. గోడలు గీకి, పగుళ్లు పూడ్చి, ప్రైమర్ వేశాక 3.6 లక్షలు. మొదటి కోటు అయ్యాక 3 లక్షలు. రెండో కోటు అయ్యాక 1.8 లక్షలు. మిగిలిన 1.2 లక్షలు ఒక వానాకాలం గడిచి గోడల మీద మచ్చలు రాలేదని తేలాకే. ఇలా ముందే కాగితం మీద రాసుకుంటే కాంట్రాక్టర్‌కూ మేలే. ప్రతిసారీ సొమ్ము కోసం కార్యదర్శి చుట్టూ తిరగక్కర్లేదు. దశ పూర్తయిందంటే రెండు సంతకాలు, చెక్కు... అంతే. ఆ రెండు సంతకాల్లో ఒకటి కార్యవర్గంలో లేని సభ్యుడిదో, సభ్యురాలిదో అయితే నమ్మకం రెట్టింపవుతుంది.

చూరుకు కూడా పంచాంగం ఉంది

పెళ్లికి ముహూర్తం చూసినట్టే పనికీ కాలం చూడాలి. టెర్రస్, బయటి గోడల పనులు మార్చి నుంచి మే దాకా చేయిస్తే మంచిది. నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయి. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపిందో అక్కడివాళ్లు ఇంకా మరచిపోలేదు.

మేలో గోడ ఎక్కాలంటే కొటేషన్లు జనవరిలోనే తెప్పించాలి. తీర్మానం ఫిబ్రవరిలో అవ్వాలి. మన సంఘాలు చాలావరకు తొలి వాన పడ్డాకే టెర్రస్ గురించి మాట్లాడతాయి. అప్పటికి మేస్త్రీలు దొరకరు, దొరికినా తడి గోడ మీద పూత నిలవదు. లిఫ్ట్ మార్చడం లాంటి పనులకైతే సరుకు రావడానికే నెలలు పడుతుంది. ఆ నెలల్లో పై అంతస్తుల్లోని పెద్దవాళ్లు మెట్లు ఎలా ఎక్కుతారన్నది కూడా పట్టికలో ఒక గడే కావాలి. రెండు లిఫ్టులుంటే ఒకదాని తర్వాతే మరొకటి విప్పాలి.

ఎవరి ప్రాణమైనా ప్రాణమే

పని ఎంతవరకు వచ్చిందో చూడటమంటే పనిచేసే మనిషిని చూడటం కూడా. తాళ్ల మీద వేలాడుతూ ఎనిమిదో అంతస్తు గోడకు రంగు వేసే కుర్రాడికి నడుముకు బెల్టు ఉందా, దానికి వేరే తాడు ఉందా అన్నది కాంట్రాక్టర్ సంగతేనని వదిలేయకూడదు. మొదటి రోజే చూసి రిజిస్టర్‌లో రాయాలి.

సెప్టిక్ ట్యాంకులు, మురుగు గుంతల దగ్గర మరీ జాగ్రత్త. లోపల విషవాయువు చేరుతుంది. దిగినవాడు క్షణాల్లో స్పృహ తప్పుతాడు. కాపాడబోయి దిగిన రెండోవాడూ అంతే. రక్షణ లేకుండా మనుషులను వాటిలోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పది లక్షల నుంచి ముప్ఫై లక్షల రూపాయలకు పెంచింది. అయినా పోయిన మనిషికి అది బదులు కాదు కదా! యంత్రంతోనే శుభ్రం చేయిస్తామన్న మాట తీర్మానంలోనే ఉండాలి.

నెలకు ఆరొందల అరవై

పనులు ఆగిపోవడానికి అన్నింటికంటే పెద్ద కారణం డబ్బు. నెలవారీ మెయింటెనెన్స్ వాచ్‌మన్ జీతానికి, కరెంటు బిల్లుకు, నీళ్ల ట్యాంకర్లకే సరిపోతుంది. పెద్ద పని వచ్చిందంటే ఇంటింటికీ వెళ్లి అడగాల్సిందే. పదిమంది ఇస్తారు, పదిమంది వాయిదా వేస్తారు.

జపాన్‌లో అపార్ట్‌మెంట్ సంఘాలు దీర్ఘకాలిక మరమ్మతుల ప్రణాళిక రాసుకుంటాయి. సుమారు 12 నుంచి 15 ఏళ్లకోసారి భవనం చుట్టూ పరంజా కట్టి పెద్ద మరమ్మతులన్నీ ఒకేసారి చేయిస్తాయి. అందుకు నెలనెలా విడిగా సొమ్ము పోగేస్తాయి. కాలిఫోర్నియాలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ‘రిజర్వ్ స్టడీ’ అనే మాట బాగా తెలుసు. అక్కడి సంఘాలు కనీసం మూడేళ్లకోసారి ఉమ్మడి ఆస్తులను కళ్లతో చూసి, ఏది ఎన్నేళ్లు వస్తుంది, మార్చడానికి ఎంత కావాలి, చేతిలో ఎంత ఉంది అని లెక్కవేయాలి.

మనమూ వేసుకోవచ్చు. యాభై ఫ్లాట్ల భవనం. ఎనిమిదేళ్లకోసారి టెర్రస్‌కు ఆరు లక్షలు, ఆరేళ్లకోసారి రంగులకు పన్నెండు లక్షలు, ఇరవై ఏళ్లకు రెండు లిఫ్టులకు ఇరవై నాలుగు లక్షలు అనుకుందాం. అంకెలు ఉదాహరణకే, లెక్క పద్ధతి మాత్రం నిజం. ఏడాదికి టెర్రస్ వాటా 75 వేలు, రంగులది రెండు లక్షలు, లిఫ్టులది లక్షా ఇరవై వేలు. మొత్తం 3.95 లక్షలు. ఫ్లాటుకు ఏడాదికి 7,900. నెలకు దాదాపు 660 రూపాయలు. ధరలు పెరుగుతాయి కాబట్టి ఏటా కొంచెం సర్దుకోవాలి. ఇలా దాచకపోతే లిఫ్టుల ఏడు వచ్చేసరికి ఒక్కో ఇంటి మీద ఒకేసారి 48 వేలు పడుతుంది. పింఛను మీద బతికే జంటకు ఏది నయమో వేరే చెప్పాలా?

కొత్త ఇల్లయితే...

భవనం కొత్తదైతే బిల్డర్ బాధ్యత ఉంటుంది. 2016లో వచ్చిన రెరా చట్టం కిందకు వచ్చే ప్రాజెక్టుల్లో, ఇల్లు అప్పగించిన తేదీ నుంచి అయిదేళ్లలోపు నిర్మాణంలోనో, పనితనంలోనో లోపం బయటపడితే, చెప్పిన ముప్ఫై రోజుల్లో సొంత ఖర్చుతో బిల్డరే సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. ఉమ్మడి ప్రాంతాల ప్లాన్లు, పత్రాలు సంఘానికి అప్పగించాల్సిన బాధ్యతా అతనిదే.

ఇక్కడా రిజిస్టరే కాపాడుతుంది. ‘ఎప్పుడో చెప్పామండీ’ అంటే చెల్లదు. ఏ తేదీన, ఏ గోడ, ఫొటోతో సహా రాసి పంపిన ఉత్తరం కావాలి. నాలుగేళ్ల పదకొండో నెలలో ఇచ్చిన ఫిర్యాదుకు విలువ ఉంది. అయిదేళ్లు దాటాక గుర్తొచ్చిన పగులు మాత్రం సంఘం నెత్తిన పడుతుంది.

కుర్చీ మారినప్పుడు

కార్యవర్గాలు ఏడాదికో రెండేళ్లకో మారిపోతాయి. పగుళ్లకు ఆ సంగతి తెలీదు! పాతవాళ్లు అలిగి దిగిపోయినా, కొత్తవాళ్లు గెలిచి ఎక్కినా పని మధ్యలోనే ఉంటుంది. సర్ఫ్‌సైడ్‌లోనూ నివేదిక వచ్చాక కార్యవర్గంలో ఎక్కువమంది రాజీనామా చేశారు. మనుషులు మారిన ప్రతిసారీ గడియారం మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే అప్పగింత రోజున తాళంచెవులు, చెక్కుబుక్కుతోపాటు పనుల రిజిస్టర్ కూడా చేతులు మారాలి. నడుస్తున్న పనులు, ఒప్పందాలు, గ్యారంటీ పత్రాలు, ఎవరికి ఎంత బాకీ... పాత కార్యదర్శి, కొత్త కార్యదర్శి ఇద్దరూ భవనమంతా ఒకసారి కలిసి తిరిగి చూసుకుని కింద సంతకాలు పెట్టాలి. మాటలు లేనివాళ్లయినా ఆ గంటసేపు కలిసి నడవక తప్పదు. మొహాలు చూసుకోకపోయినా ఫర్వాలేదు, సీలింగ్ చూస్తే చాలు.

సమావేశంలో అడగండి

• తీర్మానించి ఇంకా మొదలుకాని పనులెన్ని? ఎందుకు ఆగాయి?

• నడుస్తున్న ప్రతి పనినీ దగ్గరుండి చూస్తున్నది ఎవరు?

• ఏ దశ పూర్తయింది? దానికి సంతకం చేసింది ఎవరు?

• ఇచ్చిన సొమ్ము పూర్తయిన పనికంటే ఎక్కువగా ఉందా?

• గ్యారంటీ ఎన్నేళ్లు? ఆ కాగితం ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

• వచ్చే అయిదేళ్లలో రాబోయే పెద్ద ఖర్చులేమిటి? నిధిలో ఎంత ఉంది?

ఈ ఆరు ప్రశ్నలూ కోపంగా అడగక్కర్లేదు. పక్కింటివాళ్లతో మళ్లీ లిఫ్ట్‌లో కలిసి ఎక్కాల్సినవాళ్లమే కదా! నవ్వుతూ అడిగినా కాగితం మీద జవాబు వచ్చేలా అడగాలి. ఆ జవాబు నోటీసు బోర్డు ఎక్కిన మరుసటి ఆదివారం సెల్లార్‌లో గొంతులు కాస్త తగ్గుతాయి. కార్యదర్శి ఫైలు తెరవకముందే మాస్టారు అడిగే ప్రశ్నకు జవాబు గోడ మీదే ఉంటుంది. తొలకరి వచ్చేనాటికి ఆయన అబ్బాయి గదిలోని బకెట్ తిరిగి స్నానాలగదికి చేరుతుంది.